45 వేల డాలర్లలో వీ8: మస్టాంగ్ జీటీ, కమారో ఎస్‌ఎస్, ఛాలెంజర్ స్కాట్ ప్యాక్... ఏది తీసుకోవాలి?

గోదారి_గేరు (డాలస్)

అందరికీ నమస్కారమండీ. చాన్నాళ్ళుగా మీరు రాసేవి చదువుతున్నాను, నేను రాయడం మాత్రం ఇదే మొదలు.

తొమ్మిదేళ్ళుగా ఒకే సెడాన్ నడుపుతున్నాను. ఇంటి అప్పు ఒక దారికి వచ్చింది. "ఇంకెన్నాళ్ళు ఫోన్లో చూస్తూ కూర్చుంటావ్, కొనేసుకో" అని మా ఆవిడే అంది. బడ్జెట్ 45 వేలు. పన్నులూ రిజిస్ట్రేషనూ కలిపి 48 దాటకూడదు. వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఉండాలి, మాన్యువల్ గేరు ఉండాలి. ఈ రెండింట్లో రాజీ పడలేను.

మాన్యువల్ ఎందుకంటే, మా నాన్నగారు రాజమండ్రి డిపోలో ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపారు. గేరు రాడ్డు మీద ఆయన చెయ్యి చూస్తూ పెరిగాను. మే నెలలో అమ్మా నాన్నా ఇక్కడికి వస్తున్నారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గేర్లు మార్చాలని నా కోరిక.

చూస్తున్న మజిల్ కార్లు మూడు. ఒకటి కొత్త ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. రెండోది 2020 షెవర్లే (షెవీ) కమారో ఎస్‌ఎస్ 1ఎల్‌ఈ, 28 వేల మైళ్ళు తిరిగింది, 41 వేలు చెబుతున్నారు. మూడోది 2019 డాడ్జ్ ఛాలెంజర్ స్కాట్ ప్యాక్, 31 వేల మైళ్ళు, 37 వేలు. ఆఫీసుకి పోనూ రానూ రోజుకి 44 మైళ్ళు, అందులో సగం హైవే. ఆరేళ్ళ పాప ఉంది, ఇంకా బూస్టర్ సీటే. నడిపినవాళ్ళు చెప్పండి, దయచేసి.

వరంగల్_వీ8 (ట్రాయ్, మిషిగన్)

తమ్మీ, మంచిగ రాసినవ్. నేను 2018 సంది స్కాట్ ప్యాక్ నడుపుతున్న. నా మాట అటుదిక్కే ఒరుగుతది, అది ముందుగాల్నే చెప్తున్న.

దాంట్ల ఇంజిన్ 392 క్యూబిక్ ఇంచుల హెమీ (డాడ్జ్ వీ8 పేరు), అంటే 6.4 లీటర్లు. 485 హార్స్‌పవర్. కమారో ఎస్‌ఎస్‌ది 455, ఇప్పటి మస్టాంగ్ జీటీది 480. గీ లెక్కలు చూస్తే మూడూ ఒక్కతీరే అనిపిస్తది. టార్క్, అంటే లాగే బలం చూడు మల్ల: హెమీకి 475 పౌండ్-ఫీట్, మస్టాంగ్‌కు 415. రోజు ఆఫీసుకు పొయ్యే బండిల నీకు అక్కరకచ్చేది గదే. మూడో గేర్ల నిమ్మలంగ పోతున్నవ్ అనుకో, ముంగట లారీ ఉన్నది. గేరు దించే పనే లేదు. కాలు జెర ఒత్తితే సాలు, బండి నిన్ను ఎనకనుంచి నూకినట్టు పోతది.

బరువు 4,200 పౌండ్లు. దాచుడేం లేదు, మలుపులల్ల తెలుస్తది. కానీ నేను ఐ-75 హైవే మీద ఒక్క దినంల అట్లాంటా దాక పోయిన, దిగినంక నడుం పట్టలే. ఎనక ముగ్గురు కూసుంటరు. డిక్కీ 16.2 ఘనపుటడుగులు. నలుగురి సూట్‌కేసులు పడ్తయ్. అమ్మ నాయిన అస్తున్నరంటివి గద, గది మనసుల పెట్టుకో.

నర్మద_1ఎల్‌ఈ (ఆస్టిన్)

నా దగ్గరున్నది 2018 కమారో ఎస్‌ఎస్ 1ఎల్‌ఈ. నెలకోసారైనా ట్రాక్‌కి తీసుకెళ్తాను. క్రెసన్‌లో, వీలైతే మా ఊరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో. ఆ బండి చూశావు కాబట్టి అదేమిటో సరిగ్గా తెలుసుకో తమ్ముడూ.

ఆరో తరం కమారోని షెవీ మాతృసంస్థ జీఎం ఆల్ఫా ప్లాట్‌ఫాం మీద కట్టింది. క్యాడిలాక్ ఏటీఎస్‌కి వేసిన పునాదే ఇది. ఛాలెంజర్ కంటే 500 పౌండ్ల దాకా తేలిక. దాని మీద 1ఎల్‌ఈ ప్యాకేజీ వేస్తే మాగ్నెటిక్ రైడ్ షాక్ అబ్జార్బర్లు, వెనక చక్రాలకి శక్తి పంచే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, విడిగా ఆయిల్ కూలర్లు వస్తాయి. ఆ షాక్ అబ్జార్బర్లలో ఇనుప రజను కలిసిన ద్రవం ఉంటుంది. అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా అది గట్టిపడుతుంది, పలచబడుతుంది, సెకనుకి వెయ్యిసార్లు రోడ్డుని చదువుకుంటూ. అందుకే ఇంత బిగువైన బండి కూడా గతుకుల రోడ్డు మీద నడుం విరగ్గొట్టదు.

మా సర్క్యూట్‌లో మొదటి మలుపుకి ముందు 130 అడుగుల పైచిలుకు ఎక్కుడు ఉంటుంది. పైకి చేరేదాకా మలుపు లోపలి అంచు కనపడదు. మొదటిసారి ఈ కారులో అక్కడ బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ ద్వారా ముందు టైర్లు ఎంత పట్టు మీదున్నాయో నా వేళ్ళకి తెలిసింది. రెండింతలు ఖరీదు పెట్టిన జర్మన్ కార్లలో నాకు అంత స్పష్టంగా ఆ కబురు అందలేదు.

ఇప్పుడు చెడ్డది కూడా చెబుతాను. బయటికి చూడలేవు. కిటికీలు చిన్నవి, తలుపు అంచు భుజం దాకా వస్తుంది, వెనకద్దం ఒక చీలిక. డిక్కీ 9.1 ఘనపుటడుగులే, పైగా దాని నోరు మరీ చిన్నది. వెనక సీట్లో పెద్దవాళ్ళు కూర్చోలేరు. నాకు పిల్లలు లేరు, ఆ సీటు నేను హెల్మెట్ పెట్టుకోవడానికి వాడతాను. నీ ఇంటి లెక్క వేరు.

నెల్లూరోడు (షార్లెట్)

ఒక విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మూడింట్లో ఇప్పటికీ ఫ్యాక్టరీ నుంచి వస్తున్నది మస్టాంగ్ ఒక్కటే. కమారో, ఛాలెంజర్ రెండూ 2023 డిసెంబర్‌తో ఆగిపోయాయి. కొత్త మస్టాంగ్‌కి మొత్తం బండి మీద 3 ఏళ్ళు లేదా 36 వేల మైళ్ళు, ఇంజిన్ గేరుబాక్సుల మీద 5 ఏళ్ళు లేదా 60 వేల మైళ్ళు వారంటీ ఉంటుంది. రోజూ నడిపే బండికి అది చిన్న విషయం కాదు.

2015కి ముందు మస్టాంగ్ జీటీకి వెనక సాలిడ్ యాక్సిల్. ఒక చక్రం గుంతలో పడితే రెండోది కూడా కదిలిపోయేది. 2015లో వెనక చక్రాలకి విడివిడి సస్పెన్షన్ ఇచ్చిన రోజు నుంచి "మస్టాంగ్ మలుపు తిరగదు" అనే మాట చెల్లదు. నేను టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే కొండ రోడ్డు మీద నాలుగుసార్లు నడిపా, 11 మైళ్ళలో 318 మలుపులు. పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది చూడు. 390 మిల్లీమీటర్ల ముందు డిస్కులు, టోర్సెన్ డిఫరెన్షియల్ వస్తాయి. మస్టాంగ్‌లోనే పై రకం డార్క్ హార్స్ అయితే 500 హార్స్‌పవర్, ట్రెమెక్ గేరుబాక్స్, కానీ అది నీ బడ్జెట్ దాటిపోద్ది.

పాతబండి_శాస్త్రి (ఫీనిక్స్)

ఒక చిన్న సవరణ. మస్టాంగ్, కమారో వంశం రీత్యా మజిల్ కార్లు కావు, పోనీ కార్లు. మజిల్ కార్ అంటే మధ్యరకం కుటుంబ కారులో పెద్ద సెడాన్ ఇంజిన్ దించడం. 1964లో పాంటియాక్ వాళ్ళు టెంపెస్ట్‌లో 389 క్యూబిక్ ఇంచుల ఇంజిన్ పెట్టి జీటీఓ అన్నారు, ఆ మాట అక్కడ నిలబడింది. అదే ఏడాది ఏప్రిల్ 1న ప్లిమత్ బారకూడా, ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్ వచ్చాయి. చిన్న కారు, పొడుగు బానెట్, పొట్టి డిక్కీ, తక్కువ ధర. పోనీ అన్న పేరే మస్టాంగ్ నుంచి వచ్చింది. దానికి జవాబుగా షెవీ 1967 మోడల్‌గా కమారో తెచ్చింది, డాడ్జ్ 1970కి ఛాలెంజర్.

ఇప్పుడు మూడింటినీ ఒకే గాటన కడుతున్నాం, తప్పేం లేదు. కానీ ఈ మూడూ ఎందుకు వేర్వేరుగా నడుస్తాయో అడిగితే జవాబు అక్కడుంది. 2008 తర్వాతి ఛాలెంజర్‌ని డాడ్జ్ పెద్ద సెడాన్ పునాది మీదే కట్టారు. అది స్వభావంలో జీటీఓ మనవడు. మిగతా రెండూ పోనీ మనవలు.

వరంగల్_వీ8

శాస్త్రి గారు, మంచి ముచ్చట చెప్పిన్రు. నేను ఏడేండ్లు నడిపిన గని గిట్ల ఎన్నడు ఆలోచించలే.

డెన్వర్_చిన్నోడు (అరోరా, కొలరాడో)

డాలస్‌లో ఉన్నావు కాబట్టి ఇది నీకు అక్కర్లేదు, కానీ కొండ ఊళ్ళవాళ్ళు చదువుతుంటారని రాస్తున్నా. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంపు) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. మా దగ్గర 5,280 అడుగులు. అంటే మీ 480 హార్స్‌పవర్ మస్టాంగ్ మా ఊళ్ళో 400 కి కాస్త అటూ ఇటూ. గాలిని బలవంతంగా నెట్టే డాడ్జ్ హెల్‌క్యాట్, కమారో జెడ్‌ఎల్1 లాంటి బళ్ళకి ఆ నష్టం తక్కువ. మోరిసన్‌లో బాండిమేర్ డ్రాగ్ స్ట్రిప్ ఉన్నన్నాళ్ళూ ఈ తేడా కళ్ళారా చూసేవాళ్ళం. 2023లో అది మూతపడింది. నాకు ఇప్పటికీ ఆ దారిన పోతుంటే బాధేస్తుంది.

గోదారి_గేరు

అందరికీ ధన్యవాదాలండీ. ఇన్సూరెన్స్ అడిగి చూశాను. నా వయసు 38, ట్రాఫిక్ టికెట్లు లేవు. ఆరు నెలలకి మస్టాంగ్‌కి 1,140, కమారోకి 1,210, స్కాట్ ప్యాక్‌కి 1,530 చెప్పారు. ఛాలెంజర్ పాతది, ధర తక్కువ, అయినా ఎక్కువ ఎందుకు?

ఇంకోటి. కమారో, మస్టాంగ్ ఇంజిన్ల శబ్దం ఎందుకంత తేడా? రెండూ వీ8లే కదా.

మిసిసిపీ_మురళి (జాక్సన్)

దొంగతనాల వల్ల. ఇన్సూరెన్స్ క్లెయిములని లెక్కకట్టే హెచ్‌ఎల్‌డీఐ నివేదికల్లో డాడ్జ్ హెమీ బళ్ళు ఏళ్ళ తరబడి పై వరసలో ఉన్నాయి. 2020 నుంచి 2022 మోడళ్ళలో ఛార్జర్ హెల్‌క్యాట్‌దే మొదటి స్థానం. స్కాట్ ప్యాక్ హెల్‌క్యాట్ కాకపోయినా ఆ సెగ తగులుతుంది. మాన్యువల్ అయితే కొంచెం మేలు, నడపడం రాని దొంగలే ఎక్కువ. అయినా గ్యారేజీలో పెట్టు, స్టీరింగ్‌కి ఇనుప తాళం వెయ్యి. పోయిన ఏడాది మా వీధిలో ఒక ఆరెంజ్ రంగు బండి తెల్లారేసరికి లేదు. ఆ కుర్రాడు ఖాళీ డ్రైవ్‌వేలో నిలబడి ఉండటం ఇంకా నా కళ్ళలోనే ఉంది.

సీమ_క్రాంక్ (కాంటన్, మిషిగన్)

శబ్దం సంగతి నేను చెప్తా. ఇంజిన్ కాలిబ్రేషన్ నా పని, ఇష్టం కూడా.

కమారోలో ఎల్‌టీ1, ఛాలెంజర్‌లో హెమీ, రెండూ పుష్‌రాడ్ ఇంజిన్లు. ఒకే క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ నడిబొడ్డున, వీ ఆకారం అడుగున ఉంటుంది. అక్కడి నుంచి పొడుగు కడ్డీలు పైకి పోయి వాల్వులని నెడతాయి. సిలిండర్‌కి రెండే వాల్వులు. మస్టాంగ్ కొయొటీ ఇంజిన్‌లో నాలుగు క్యామ్‌షాఫ్టులు, సిలిండర్ల తలమీదే ఉంటాయి. సిలిండర్‌కి నాలుగు వాల్వులు, మొత్తం 32.

కడ్డీలుంటే బరువు కదలాలి, స్ప్రింగులు ఆ బరువుని ఆపాలి. అందుకే ఎల్‌టీ1 6,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఆగిపోతుంది. కొయొటీ 7,500 దాకా పోతుంది. దానికి బదులుగా పుష్‌రాడ్ ఇంజిన్ చిన్నదిగా ఉంటుంది. నమ్మడం కష్టం కానీ 6.2 లీటర్ల ఎల్‌టీ1 బయటి కొలతల్లో 5.0 లీటర్ల కొయొటీ కంటే ఇరుకు. తలమీద నాలుగు క్యాములుంటే వెడల్పు పెరక్క తప్పదు. "పాత టెక్నాలజీ" అని పుష్‌రాడ్‌ని తీసిపారేసేవాళ్ళు ఈ లెక్క చూడరు. ఇరుకు ఇంజిన్ అయితే బానెట్ కింద చోటు మిగులుతుంది, బరువు కిందికి దిగుతుంది. షెవీ స్పోర్ట్స్ కారు కార్వెట్ దశాబ్దాలుగా అదే దారి పట్టింది.

మూడింటికీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) క్రాస్‌ప్లేన్ రకమే కాబట్టి ఆ గుడగుడ మూడింట్లోనూ ఉంటుంది. రెండు పక్కల సిలిండర్లు సమంగా వంతులేసుకోకుండా పేలతాయి, అందుకే ఆ తడబాటు లాంటి తాళం. కొయొటీ పైకి పోయేకొద్దీ గొంతు సన్నబడి కూతలా అవుతుంది. హెమీ కిందనే ఉండి గర్జిస్తుంది. 2015 నుంచి 2020 దాకా వచ్చిన మస్టాంగ్ షెల్బీ జీటీ350 ఒక్కదానికే ఫ్లాట్‌ప్లేన్ క్రాంక్ (సమంగా వంతులేసే రకం) ఇచ్చారు: 5.2 లీటర్లు, 526 హార్స్‌పవర్, 8,250 ఆర్‌పీఎం. అది విన్నవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఫోర్డ్ దాన్ని ఆపేసినందుకు నేను ఇప్పటికీ బాధపడతా.

ఇంకో సంగతి, మీకు ఆటోమేటిక్ వద్దన్నారు కానీ: కమారో, మస్టాంగ్‌ల పది గేర్ల ఆటోమేటిక్‌ని జీఎం, ఫోర్డ్ కలిసి తయారుచేశాయి. రోడ్డు మీద కొట్టుకునే ఈ రెండింటి కడుపులో ఒకే చుట్టరికం.

నెల్లూరోడు

సీమ అన్నా, ఇలా రాస్తే పొద్దున్నే చదవడానికి బాగుంటుంది. ఇంకా రాయి.

లలిత_లేక్‌ల్యాండ్ (ఫ్లారిడా)

అందరూ ఇంజిన్ల గురించే మాట్లాడుతున్నారు, రోజూ గ్యారేజీ తలుపు తీసినప్పుడు కంటికి కనపడేది రూపం. నా దృష్టిలో ఛాలెంజర్ ఒక్కటే గీసిన గీత చెరపకుండా నిలబడింది. 2008లో 1970 బొమ్మనే దగ్గర పెట్టుకుని గీశారు, పదిహేనేళ్ళు దాదాపు అలాగే ఉంచారు. నాలుగు గుండ్రటి దీపాలు, అడ్డంగా సాగిన వెనక లైటు, పక్కనుంచి చూస్తే నడుం దగ్గర విరిగినట్టు లేచే ఆ గీత. ప్లమ్ క్రేజీ ఊదారంగు, గో మ్యాంగో ఆరెంజ్ లాంటి రంగుల్ని 1970ల నుంచి తిరిగి తెచ్చింది కూడా వీళ్ళే. 2021లో అమ్మకాల్లో మస్టాంగ్‌ని దాటిపోయింది ఈ "ముసలి" కారే.

కమారోకి 2019లో మూతి మార్చి చెడగొట్టారు. ముందు బంపర్ అంతా నల్లటి అడ్డపట్టీ, దాని మీద గుర్తు. మరుసటి ఏడాదే ఎస్‌ఎస్‌కి ఆ గుర్తు పైకి జరిపారంటే జనం ఎంత గొడవ చేశారో చూడండి. మీరు చూస్తున్నది 2020 కాబట్టి ఆ బాధ లేదు.

కొత్త మస్టాంగ్ బయట బాగుంది. వెనక మూడు నిలువు లైట్లు చీకట్లో దూరం నుంచే తెలుస్తాయి. లోపల నాకు నచ్చలేదు. రెండు తెరలు కలిపి ఒకే పలక, ఏసీ మీటలు కూడా తెరలోకే పోయాయి. పాత మస్టాంగ్‌లో విమానంలో ఉండే లాంటి టాగుల్ స్విచ్‌లు వేలికి తగిలేవి. అవి ఉండాల్సింది.

గచ్చిబౌలి_గణ (హైదరాబాద్)

మీరంతా ఎంచుకుంటున్నరు, మాకు ఎంచుకునే వీలే లేదు అన్నా. ఇక్కడ అధికారికంగా వచ్చింది మస్టాంగ్ జీటీ ఒక్కటే, 2016ల, 65 లక్షలకు. కుడిచేతి స్టీరింగే ఇచ్చిన్రు కానీ శక్తి 401 పీఎస్‌కు (హార్స్‌పవర్ లాంటి కొలతే) తగ్గించిన్రు. నేను మొదటిసారి విన్నది ఓఆర్‌ఆర్ మీద, నానక్‌రాంగూడ దగ్గర. బండి ఆపుకొని అది కనపడకుండ పొయ్యేదాక నిలబడ్డ. అమెరికాల వాడిన కమారోని ఇటు తెచ్చుకోవచ్చా?

పాతబండి_శాస్త్రి

కుదరదు గణా. వాడిన కారు తేవాలంటే మూడేళ్ళలోపు వయసుండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. కమారో ఎడమ స్టీరింగ్ బండి. ఆ రెండూ కుదిరిన బండికైనా సుంకం దాని విలువని మించుతుంది. మస్టాంగ్ కుడి స్టీరింగ్‌తో బ్రిటన్, ఆస్ట్రేలియాలకి పోతుంది కాబట్టే మన దగ్గరకి రాగలిగింది.

డెన్వర్_చిన్నోడు

ఎవరైనా డాడ్జ్ వాళ్ళ కొత్త ఎలక్ట్రిక్ కారు, ఛార్జర్ డేటోనా నడిపారా?

వరంగల్_వీ8

నడిపిన. దాని స్కాట్ ప్యాక్ 670 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకు శక్తి. ఎరుపు బత్తి పచ్చగైతే కండ్లు మూసి తెరిసేలోపు 60 దాటుతది, అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ బరువు 5,800 పౌండ్లు. శబ్దం స్పీకర్లు, గొట్టాలు పెట్టి పుట్టిస్తున్నరు. కాలికింద వణుకు లేదు. నాకు లోపల ఏదో ఖాళీ అనిపించింది. ఆరు సిలిండర్ల 3.0 లీటర్ల ట్విన్ టర్బో కూడ 420, 550 హార్స్‌పవర్‌లల్ల అస్తదని డాడ్జ్ చెప్పింది. అది మంచిగుంటే నేనే మెచ్చుకుంట.

మొన్నటి ఛాలెంజర్ డెమన్ 170 గురించి తెల్వనోళ్ళకు చెప్త. ఈ85 (ఇథనాల్ కలిపిన) ఇంధనంతోని 1,025 హార్స్‌పవర్, పావు మైలు 8.91 సెకండ్లు. గది ఫ్యాక్టరీల నుంచి నంబరు ప్లేటుతోని రోడ్డెక్కిన బండి. గసొంటి దాంతోని ఒక కథ ముగిసింది.

గోదారి_గేరు

మూడు శని ఆదివారాలు తిరిగి మూడూ నడిపాను. పాపని కూడా తీసుకెళ్ళాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ముందు మస్టాంగ్. షోరూంలో కంపెనీ వేసిన స్టిక్కర్ ధర మీద 5 వేలు "మార్కెట్ సర్దుబాటు" అని వేశారు. ఆ కాగితం చూపించే ముందు గంటన్నర కూర్చోబెట్టారు. ఇంకో ఊళ్ళో స్టిక్కర్ ధరకే ఇస్తామన్నారు, కానీ పర్ఫార్మెన్స్ ప్యాకేజీతో, పన్నులతో కలిపి 51 దాటింది. టెక్సస్‌లో కారు అమ్మకపు పన్నే 6.25 శాతం కదా. నడిపితే క్లచ్ చాలా తేలిక. ట్రాఫిక్‌లో అలసట ఉండదు. 4 వేల ఆర్‌పీఎం దాకా మామూలు కారు, 5 వేల తర్వాత వేరే బండి. సీమ అన్న చెప్పిన ఆ కూత 7 వేల దగ్గర విన్నాను. టోల్‌వే ర్యాంప్ మీద రెండో గేరులోనే రోడ్డు పరిమితి దగ్గరికొచ్చేసింది. అక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ ఇంజిన్ ఇచ్చే అసలు ఆనందం నా 44 మైళ్ళలో ఎక్కడా అందదు.

కమారో. నర్మద గారూ, మీరు ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు. మొదటి రౌండ్‌అబౌట్ తిరగ్గానే మనసు పారేసుకున్నాను. తిప్పినంత తిరిగింది, ఆగమన్నచోట ఆగింది. గేరు రాడ్డు చిన్నగా, గట్టిగా, చెయ్యి అనుకునేలోపే పడుతోంది. పాప వెనక కూర్చుంది. పది నిమిషాలయ్యాక "నాన్నా, నాకు ఆకాశం ఒక్కటే కనపడుతోంది" అంది. నేను అద్దంలో చూస్తే దాని నుదురు, కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఇంకో ఐదు నిమిషాలకి కడుపులో తిప్పుతోందంది. ఒంటరిగా ఉన్న రోజుల్లో అయితే ఆ కారు అక్కడే కొనేవాణ్ణి.

ఛాలెంజర్. క్లచ్ బరువు, స్టీరింగ్ నెమ్మది. దాదాపు 198 అంగుళాల పొడుగు, ఇర్వింగ్‌లో మనవాళ్ళ కిరాణా కొట్టు దగ్గర పార్కింగ్ గళ్ళలో ఎలా పెట్టాలో ఇంకా తెలీదు. వెనక స్తంభం లావు, పక్క లేను చూడాలంటే మెడ తిప్పాల్సిందే. కానీ స్టార్ట్ చేయగానే సీటు కింద నుంచి వచ్చిన ఆ అదురు... చిన్నప్పుడు తెల్లవారుజామున మొదటి ట్రిప్పు బస్సు స్టార్ట్ చేస్తే ఇంజిన్ డబ్బా మీద కూర్చుని ఉండేవాణ్ణి. అదే అదురు. నాలుగో గేరులో 1,500 దగ్గర కాలు పెడితే మారు మాట్లాడకుండా లాగింది. పాప బూస్టర్ పెట్టడానికి రెండు నిమిషాలు. కూర్చుని కాళ్ళూపుకుంటూ పాట పాడుకుంది.

ఇంకొక్కటి కొలిచాను. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. కమారో ఎత్తు 53 అంగుళాలు, ఛాలెంజర్ 57. ఆ నాలుగు అంగుళాలు కాగితం మీద ఏమీ కాదు. దిగేటప్పుడు ఒక్క చేత్తో తలుపు పట్టుకుని లేవగలడా, రెండు చేతులూ కావాలా అన్న తేడా అది.

నర్మద_1ఎల్‌ఈ

తమ్ముడూ, ఛాలెంజర్ తీసుకో. కమారో యజమానిగా చెబుతున్నాను. నువ్వు రాసిన దాంట్లో జవాబు ఉంది. ట్రాక్ మోజు తీరకపోతే నా కారులో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతాను.

సీమ_క్రాంక్

కొనే ముందు ఇవి చూడు. బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే నువ్వు వెళ్ళి స్టార్ట్ చెయ్యి. ముందే వేడి చేసి పెట్టారంటే అనుమానించు. మొదటి నిమిషంలో లోహం టకటక ఉండి, వేడెక్కినా పోకపోతే వదిలెయ్. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 31 వేల మైళ్ళ బండికి వెనక టైర్లు ఎన్నిసార్లు మార్చారో అడిగితే పాత యజమాని కాలు ఎంత బరువో తెలుస్తుంది. ఐదో గేరులో, ఎక్కుడులో, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కు. ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ అయిపోయినట్టే. ఇంజిన్ కంప్యూటర్‌లో ట్యూన్ మార్చారేమో చదివించు. ఇవన్నీ అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్‌తో చూపించు, 250 డాలర్లు పోయినా సరే.

గోదారి_గేరు

చూపించానండీ. వెనక టైర్లు 2022లో ఒక్కసారి మార్చారు. ట్యూన్ ఏమీ మార్చలేదు. బ్రేకు ప్యాడ్లు సగానికి వచ్చాయి, అది చెప్పి 35,800కి ఒప్పించాను. నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చాను. నీలం రంగు. మా ఆవిడ గుమ్మంలో హారతి ఇచ్చి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

వరంగల్_వీ8

తమ్మీ! మస్తు సంతోషం. చలికాలం ముచ్చట ఒకటి యాద్‌ పెట్టుకో. నీ బండికి సమ్మర్ టైర్లుంటే 40 ఫారన్‌హీట్ కింద బయటకు తియ్యకు, రబ్బరు రాయి లెక్క అయితది. డాలస్‌ల కూడ గసొంటి పొద్దులు ఉంటయ్.

గోదారి_గేరు (రెండు నెలల తర్వాత)

అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. మైలేజీ ఊళ్ళో 14, హైవే మీద ఆరో గేరులో 23 వస్తోంది. ప్రీమియం గ్యాస్ కాబట్టి నెల ఖర్చు పాత కారు కంటే రెట్టింపు దాటింది, అది లెక్కేసుకునే దిగండి.

అమ్మా నాన్నా వచ్చి పది రోజులైంది. మొదటి రోజు ప్రయాణ బడలికతో ఉన్నా నాన్నగారు నేరుగా గ్యారేజీలోకి వెళ్ళారు. డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఇంజిన్ ఆఫ్‌లోనే క్లచ్ తొక్కి ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసగా వేసి చూసుకున్నారు. "రివర్స్ ఎక్కడరా?" అన్నారు. చూపించాను. ఇంకో రెండుసార్లు వేసి దిగారు, ఒక్క చేత్తోనే తలుపు పట్టుకుని.

శనివారం పొద్దున్నే హైవే మీదకి వెళ్ళాం. నేను అలవాటు ప్రకారం తొందరగా ఐదులోకి మార్చబోయాను. నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. "ఉండు, నాలుగులోనే ఉంచు. ఇంజిన్ ఇంకా ఇస్తోంది కదా" అన్నారు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది.

వరంగల్_వీ8

నాయిన్ని తీస్కొని ఆగస్టు మూడో శనివారం మా దిక్కు రా తమ్మీ. ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. 1995ల మొదలైంది, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాక రోడ్డు పొడుగూత పాత బండ్లు, కొత్త బండ్లు. కుర్చీలు నేను పట్టుకొస్త. జీటీఓ ముంగట నిలబెట్టి ఫొటో తీద్దం.

గోదారి_గేరు

వాళ్ళ తిరుగు టికెట్ జులై 28కి ఉందన్నా. మార్చడానికి ఎంతవుతుందో కనుక్కుంటున్నాను.